మూడెకరాలూ మొక్కజొన్నకేనా?

ప్రశ్న: చీపురుపల్లి దగ్గర మాకు మూడెకరాలు ఉంది. ఖరీఫ్‌లో వరి, అది కోశాక బోరు కింద మొక్కజొన్న, ఆరేళ్లుగా ఇదే వరస. యూరియా బస్తాలు పెరుగుతున్నాయి గానీ దిగుబడి పెరగడం లేదు, పోయినేడు కత్తెర పురుగు మందులకే చేతిలో డబ్బంతా అయిపోయింది. పంట మారుద్దామంటే నాన్న వినరు. బావేమో మొత్తం పామాయిల్ వేసేయమంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మీ నాన్నగారి భయంలో న్యాయం ఉందమ్మా. మొక్కజొన్న ఎంత పండుతుందో, ఎవరు కొంటారో ఆయనకి తెలుసు, కొత్త పంటకి ఆ ధైర్యం ఎవరిస్తారు? పామాయిల్ కాపుకి రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, ఏడాది పొడవునా నీళ్లు కావాలి, ఉన్నదంతా అందులో పెడితే అన్నాళ్లూ ఇల్లు గడిచేదెలా? వద్దు.

అలాగని లెక్కకి రెండు మూడు రకాలు వేసినా సరిపోదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరీ ఉంది, జీడీ ఉంది, అయినా 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఒకే గాలికి రెండూ కూలాయి, మళ్లీ మొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్లు. ఒకే గాలికో, ఒకే పురుగుకో, ఒకే ధరకో అన్నీ కలిసి పోని పంటలు చూసుకోవాలి.

అందుకే ఈ రబీలో నాన్నగారిని ఒక్క ఎకరం అడగండి, మినుముకి. డెబ్భై, డెబ్భై అయిదు రోజుల్లో చేతికొస్తుంది, వరి మడిలో మిగిలిన తడే చాలావరకు సరిపోతుంది. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది కాబట్టి యూరియా బస్తాల పని ఉండదు, రాలిన ఆకూ మిగిలిన వేరూ తర్వాతి వరికి కొంత బలం. మన వైపు పెద్దవాళ్లు వరి కోతకి రెండు మూడు రోజుల ముందే చేలో విత్తనం చల్లేవాళ్లు, ఎకరానికి 16-18 కిలోలు. కానీ మిషన్‌తో కోయించేట్టయితే అలా చల్లొద్దు, మొలకలు చక్రాల కింద నలిగిపోతాయి. ఆ ఒక్క ఎకరం మనుషులతో కోయించండి, కూలి ఎక్కువే అవుతుంది, పశువులుంటే గడ్డి మాత్రం బాగా దక్కుతుంది. తెల్లదోమతో పల్లాకు తెగులు వస్తుంది, ఎల్‌బీజీ 787 లాంటి తట్టుకునే రకం అడిగి తెచ్చుకోండి, ఆకులు పసుపు రంగుకి తిరిగిన మొక్కల్ని మొదట్లోనే పీకేయండి.

వచ్చే ఖరీఫ్‌లో గట్ల మీద కంది పెట్టండి, మెరక మడి ఉంటే అందులో చోడి (రాగి). ధర పడిపోయినా ఇంట్లో తినడానికి ఉంటాయి.

మినుము వేసిన ఎకరాన్ని రైతు సేవా కేంద్రంలో మినుముగానే ఈ-క్రాప్ (పంట నమోదు) చేయించండి, అలవాటుగా అంతా మొక్కజొన్న అని రాయించేస్తే రేపు అమ్మేటప్పుడు, పంట పోయినప్పుడు ఇబ్బంది మీకే. రెండు పంటల ఖర్చూ రాబడీ ఒక నోట్‌బుక్కులో రాసి ఏప్రిల్‌లో నాన్నగారికి చూపించండి.