పెట్రోల్ సందేహంతో నవల ఆపేయకు

తమ్ముడూ, ఆ నవలలో లోకం కూలిపోయిన ఇన్నేళ్లకి ఈ పిల్లలు రేసులకి పెట్రోల్ ఎక్కణ్ణుంచి తెస్తున్నారో అర్థంకాక సగంలో ఆపేశానన్నావు. సందేహం సరైనదే. నిల్వ పెట్రోల్ నెలల్లోనే పాడవడం మొదలవుతుంది. ఇథనాల్ కలిస్తే తేమ కూడా పీలుస్తుంది. కానీ ఇంజన్‌కి పెట్రోలే కావాలని లేదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మన దేశంలో బొగ్గు గ్యాసు బస్సులు తిరిగాయి. ఈ ముక్క కథలో చెప్పకపోవడం రచయిత లోపమే.

అయినా చదువు. నీది పలాస కదా, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టాక కరెంటు లేని రాత్రులు చూసినవాడివి. నవలలో ఆ అమ్మాయి నీళ్ల కోసం పందెం ఒప్పుకోవడం నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆ అధ్యాయం నుంచే మళ్లీ ఎత్తుకో.