లాభం పాఠం చెప్పే ముందు: మా చెల్లెలి కొడుక్కి ఒక ఉత్తరం

చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గొంతులో సగం ఏడుపు, సగం గొప్ప. "అక్కా, వీడు ఉద్యోగం మానేసి బళ్లో పాఠాలు చెప్తాట్ట, అదీ నీ సబ్జెక్టే" అంది. నా సబ్జెక్టు అన్నందుకు పొంగిపోయాను, దాచుకోను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లు బిజినెస్ స్టడీస్ చెప్పినదాన్ని, ఎక్కడ కాలు జారుతుందో తెలుసు కదా. తెల్లారకుండానే లేచి నువ్వు పంపిన స్లైడ్లు తెరిచాను. అరవై నాలుగు! ఒక్క పీరియడ్‌కి! వాళ్లు పద్నాలుగేళ్ల పిల్లలురా, నీ కంపెనీ మీటింగ్‌కి వచ్చిన మేనేజర్లు కారు.

సిలబస్ మొత్తం ముందే చదువు. పాత ప్రశ్నపత్రాలు చూడు. పిల్లల పేర్లు మొదటి వారంలోనే నేర్చుకో. నీళ్ల సీసా మర్చిపోకు. ఇవి నీకు తెలియనివి కావు.

నీ మొదటి స్లైడ్‌లో వ్యాపారం నిర్వచనం నాలుగు లైన్లు ఉంది. తీసెయ్. నిర్వచనం ఇస్తే బట్టీ పడతారు, పరీక్ష రాస్తారు, మర్చిపోతారు. ఒక పెన్ను పట్టుకెళ్లి బల్ల మీద పెట్టు. ఇది అమ్ముడుపోకపోతే నష్టం ఎవరిది, అని అడుగు. ఆ ఒక్క ప్రశ్న లాగితే పెట్టుబడి, రిస్కు, పరిమిత బాధ్యత (నష్టమొస్తే యజమాని పెట్టిన డబ్బు వరకే పోవడం) అన్నీ తీగలా కదిలొస్తాయి. 'విలువ జోడింపు' దగ్గర ఆగు. అమ్మిన ధరలోంచి బయట కొన్న సరుకు ఖర్చు తీసేస్తే వచ్చేది అదే, కానీ సగం క్లాసు దాన్ని లాభం అంటుంది. జీతాలూ అద్దే ఇంకా అందులోంచే ఇవ్వాలిరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! అవకాశ వ్యయం, అంటే ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్నదాని విలువ, అదీ అంతే. వదులుకున్నవన్నీ కూడేస్తారు. కూడకూడదు, వదులుకున్న వాటిలో అన్నిటికన్నా మెరుగైన ఒక్కదాని విలువే లెక్క.

లాభమూ నష్టమూ లేని బ్రేక్ ఈవెన్‌కి సూత్రం మొదట రాయకు. స్టాలు అద్దె 600, ఒక్కో సంచికి ఖర్చు 8, అమ్మేది 20కి. ఒక సంచి అమ్మితే 12 మిగిలింది కదా, ఆ 12లతో 600 తీరాలంటే ఎన్ని అమ్మాలి? 50 అని వాళ్ల నోటితోనే వస్తుంది. అప్పుడు రాయి సూత్రం. ఎవడో ఒకడు లేచి, "అమ్ముడుపోకపోతేనో?" అంటాడు. వాణ్ణి కూర్చోపెట్టకు, ఆ రోజు పాఠం వాడిదే.

ఇప్పుడు నాకు నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం చెప్తాను. మీ అమ్మక్కూడా చెప్పలేదు.

నేను చేరిన ఆరో ఏడు. సంత నడుపుదాం అన్నాను. పిల్లలు జట్లుగా ఏదో ఒకటి తయారుచేసి బళ్లోనే అమ్మాలి, ఎక్కువ లాభం తెచ్చిన జట్టుకి బహుమతి. ముందురోజు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: 'లాభం అంటే ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలేది.' ఎంత అందంగా ఉందో చూడు. మనందరి నోటా ఆడే మాటే, "ఏమైనా మిగిలిందా?" అంటే లాభం వచ్చిందా అనేగా. అందుకే నాకు అనుమానం రాలేదు.

ఒక జట్టు చేత్తో కుట్టిన నోటు పుస్తకాలు పెట్టింది. 120 పుస్తకాలు. కాగితం, అట్ట, దారం అన్నీ వారం రోజుల అరువు మీద తెచ్చారు, మొత్తం 900. ఒక్కోటి 12కి అమ్మారు. పొద్దు వాలేసరికి ఒక్కటి మిగల్లేదు. నేను బోర్డెక్కి 1440లోంచి 900 తీసేసి 540 అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. వాళ్లదే మొదటి బహుమతి. హెడ్మాస్టరు గారు చేతులు కలిపారు. లెక్కలు చూసిన పిల్ల, రెండు జడలు, ఎప్పుడూ చివరి బెంచీ, ఆ రోజు మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వింది.

మూడు వారాల తర్వాత ఆ పిల్ల బడికి ఆలస్యంగా రావడం మొదలైంది. చెప్పులకి దుమ్ము, మొహం నిండా చెమట. రెండుసార్లు నిలబెట్టాను. మూడోసారి, శిక్షగా లెక్కల పుస్తకం తెచ్చి చూపించమన్నాను. చివరి పేజీలో పెన్సిలుతో 'రావలసినవి' అని ఉంది. కింద పేర్లు. పక్కన ఒక్క టిక్కూ లేదు. 120లో 60 పుస్తకాలు "రేపిస్తా" అన్నవాళ్లకే పోయాయి. పెట్టెలో ఉన్నది 720. కట్టాల్సింది 900. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాలతో: 'కాగితం బాకీ 180, చెల్లు.' దాని పక్కన ఒక్క మాట. 'నేను.'

బస్సు డబ్బులు దాచి కట్టేసిందిరా. నెల రోజులు నడిచొచ్చింది.

నేను రాసిన 540 తప్పు కాదు, అది చూడు. అమ్మిన రోజునే అమ్మకం లెక్కలోకి వస్తుంది, డబ్బు ఎప్పుడొచ్చినా సరే. లెక్క ప్రకారం లాభం ఉంది. చేతిలో లేదు. 'చేతిలో' అన్న మాట నాది. వారం గడువు మీద సరుకు తెచ్చి గడువే లేకుండా అరువిస్తే లాభంలో ఉన్న వ్యాపారం కూడా మూతపడుతుంది. పెద్ద పెద్ద సంస్థలు కూలిపోయేది చాలాసార్లు ఇక్కడే. ఇదంతా అప్పటికే నాకు తెలుసు, డిగ్రీలో మంచి మార్కులే వచ్చాయి. ఆ పిల్ల పుస్తకం ముందు నిలబడే దాకా తెలిసినట్టు కాదని మాత్రం తెలియలేదు.

ఇంకో సంగతి. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ జంట పద్దు గురించి రాశాడని పాఠంలో వస్తుంది. ఆయనే కనిపెట్టాడని చెప్పకు. అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతిని ఆయన పుస్తకంలోకి ఎక్కించాడు. ప్రతి పద్దుకీ రెండు వైపులుంటాయి, ఒకరు ఇస్తే ఒకరు పుచ్చుకున్నట్టు. ఆ పిల్ల 180 ఇచ్చింది, అంటే జట్టు ఆమెకి 180 బాకీ. ఆ రెండో వైపు ఆమె రాసుకోలేదు. నేను నేర్పలేదు.

ఇంతవరకూ చెబితే పొరపాటే అనిపిస్తుంది. తప్పు తర్వాత జరిగింది. ఆ పిల్ల తలెత్తి, "టీచర్, మీరు బోర్డు మీద రాసింది తప్పా, నేను చేసింది తప్పా?" అని అడిగింది. పొగరుగా కాదు, నిజంగా తెలుసుకుందామని. క్లాసంతా చూస్తోంది. నేను, "అమ్మేటప్పుడే చూసుకోవాలమ్మా" అన్నాను. అంతే. కూర్చుంది. సాయంత్రం పిలిచి 180 ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. మరుసటి ఏడు బోర్డు మీద మాట మార్చాను. అప్పటికి వాళ్ల కుటుంబం ఊరు మారిపోయింది. మార్చానని ఆ పిల్లకి తెలియదు.

అందుకని నువ్వు బోర్డుని నిట్టనిలువుగా రెండు చేయి. ఎడమ వైపు 'లాభం', కుడి వైపు 'డబ్బు పెట్టె'. ఒక్కో లావాదేవీ చెప్పి, ఇది ఎటు కదులుతుంది అని అడుగు. అరువు మీద అమ్మారు: ఎడమ పెరుగుతుంది, కుడి కదలదు. బ్యాంకు అప్పు వచ్చింది: కుడి నిండుతుంది, ఎడమ ఉలకదు పలకదు. ఐదేళ్లు పనికొచ్చే యంత్రం 5000 పెట్టి కొన్నారు: కుడిలోంచి 5000 ఒక్కసారే పోతాయి, ఎడమలో ఈ ఏటి తరుగుదల, అంటే ఈ ఏడు వాడినందుకు తగ్గిన విలువ, 1000 మాత్రమే. పిల్లలు పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనీ. రెండు పీరియడ్లు పోతే పోయాయి. మార్కెటింగ్‌లో కోసుకో, అక్కడ నీ స్లైడ్లు ఎలాగూ పదిహేడు ఉన్నాయి. 1960లో మెకార్తీ చెప్పిన నాలుగు అంశాలు, వస్తువు, ధర, చోటు, ప్రచారం, ఒక్క పెన్నుతో ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. మనిషి అవసరాల్ని మెట్లుగా చూపే ఆ మాస్లో పిరమిడ్ కూడా. 1943లో ఆయన రాసిన వ్యాసంలో ఆ బొమ్మే లేదు, తర్వాత వాళ్లు గీశారు. పిల్లలకి ఈ మాట చెప్తే పుస్తకంలో ఉన్నదల్లా వేదం కాదని తెలుస్తుంది.

శ్రమ విభజన చెప్పేటప్పుడు ఆడం స్మిత్ గుండుసూదులు తప్పవు. 1776లో రాశాడు. ఒక్కడే అన్ని పనులూ చేసుకుంటే రోజుకి ఇరవై సూదులు కూడా కష్టం, పదిమంది పంచుకుంటే 48,000. పిల్లలు నోరు తెరుస్తారు. అక్కడ గంట కొట్టేసిందని వెళ్లిపోకు. జీవితమంతా రెండు మూడు చిన్న పనులే చేసే మనిషి మొద్దుబారిపోతాడని కూడా ఆ స్మితే రాశాడు. 1913లో ఫోర్డు అసెంబ్లీ లైను పెట్టాక కారు చట్రం బిగించే పని పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకి వచ్చింది. మనుషులు మాత్రం నిలవలేదు, చేరినవాళ్లు చేరినట్టే పారిపోయారు. 1914 జనవరిలో రోజుకి ఐదు డాలర్లు, ఎనిమిది గంటల పని అని ప్రకటించాల్సొచ్చింది. ఇంతా చెబితేనే ఆ పాఠం. లేకపోతే మనిషంటే ఖర్చు పద్దులో ఒక లైను అనుకునే పిల్లలు తయారవుతారు, వాళ్లే రేపు మేనేజర్లవుతారు. నువ్వు పనిచేసొచ్చిన చోట అలాంటివాళ్లు ఉన్నారని నువ్వే చెప్పావు కదరా, పండక్కి వచ్చినప్పుడు.

మీ నాన్నగారు ఏం చేస్తారు, వ్యాపారమా, నష్టమొచ్చిందా అని క్లాసులో ఎవర్నీ అడగకు. ఉదాహరణ దొరుకుతుందని ఆశ పుడుతుంది, నాకూ పుట్టేది. ఏ ఇంట్లో ఏ బాకీ ఉందో నీకేం తెలుసు? సంత మాత్రం పెట్టు. భయపడి మానకు, నేను నాలుగేళ్లు మానేశాను, అదీ తప్పే. అరువు ఎంతవరకో ముందే జట్టు చేత రాయించు. డబ్బు రోజూ సాయంత్రం పిల్లలే లెక్కపెట్టాలి, నువ్వు పక్కన ఉండాలి. తగ్గిన డబ్బు ఏ పిల్ల జేబులోంచి పూడుతోందో కనిపెట్టు. బహుమతి లాభానికి ఇవ్వకు. తమ లెక్కలో తప్పు తామే పట్టుకున్న జట్టుకి ఇవ్వు.

చాలా కసిరాను. ఏమనుకోకు కన్నా. చిన్నప్పుడు నా చాక్‌పీసులు దొంగిలించి మీ ఇంటి గోడంతా రాసినవాడివి, ఇప్పుడు నిజం బోర్డు ముందు నిలబడతావంటే నా కళ్లు ఎందుకు చెమర్చవు? జీతం తగ్గుతుందని మీ అమ్మ భయం. నా భయం వేరు. నువ్వు నాకన్నా చక్కగా మాట్లాడతావు. చక్కగా చెప్పిన మాటని పిల్లలు అనుమానించరు.

గొంతు జాగ్రత్త. ఆ అరవై నాలుగూ తొమ్మిది చేసి పంపించు, చూస్తాను. మొదటి వారం అయ్యాక ఫోన్ చెయ్, బోర్డు మీద ఏం రాశావో మాటకి మాట చదివి వినిపించు.

మీ పెద్దమ్మ