లిఫ్టులో శవం, హాల్లో నవ్వులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి సినిమా ఉత్తరాలన్నీ ఒక్క రకం చిత్రాల చుట్టూనే తిరిగాయి. హత్యో కిడ్నాపో జరుగుతుంది, జనం నవ్వుతారు. అందరూ నవ్వరు, పేచీ అక్కడే.

ప్రశ్న: మౌంట్ రోడ్డు దగ్గర హాల్లో తమిళంలో చూసినప్పుడు జనం పడీపడీ నవ్విన క్రైమ్ కామెడీనే ఇంట్లో తెలుగు డబ్బింగ్‌లో పెట్టాను. ఒక్కరూ నవ్వలేదు. "చావు దగ్గర ఈ వెకిలితనమేంట్రా" అని నాన్న లేచి వెళ్లిపోయారు. అదే సినిమా కదా, తేడా ఎక్కడ? (వడపళని)

బొమ్మ అదే, మాట వేరు. ఈ రకం చిత్రాల్లో సగం నవ్వు మాటలోనే ఉంటుంది, ఆ మాటేమో మద్రాసు వీధి తమిళం. 'నైనా' తీసుకోండి. అది మన 'నాయనా'నే, ఇక్కడి తెలుగువాళ్ల నోటి నుంచి తమిళంలోకి చేరింది. పేట రౌడీ ఎదుటివాడి చొక్కా పట్టుకుని 'ఇన్నా నైనా' అన్నాడంటే అందులో చనువూ ఉంది, బెదిరింపూ ఉంది. దాన్ని తిప్పి 'ఏం నాయనా' అనిపిస్తే మన చెవికి తాతగారి పలకరింపవుతుంది. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లకైతే సాక్షాత్తూ కన్నతండ్రే. 'కస్మాలం' ఇంకో తమాషా. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుణ్ణి మందలిస్తూ వాడిన 'కశ్మలం' చెన్నై సందుల్లోకి వచ్చేసరికి బూతుకు ఒక్క మెట్టు కింద నిలబడే తిట్టయింది. డబ్బింగ్‌లో అది 'చెత్త వెధవ'గా మారుతుంది. అర్థం తప్పు కాదు, రుచే పోయింది. గలీజు, బేజారు లాంటివి మనకూ ఉన్నాయి, కానీ పుస్తకాల తెలుగు రాసే రచయిత వాటి జోలికి పోడు.

తర్వాత పెదవులు. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి. క్లోజప్‌లో డబ్బింగ్ రచయిత ముందు చూసుకునేది వాటినే. తమిళ నటుడు 'పోదుం' అంటాడు. పెదవులు మూసుకుని మొదలై, మూసుకుని ఆగుతాయి. దానికి మన మాట 'చాలు'. ఇందులో పెదవులు ఒక్కసారీ కలవవు, చివర అచ్చు కనక నోరు తెరిచే ఉంటుంది. అందుకని 'బాబూ, ఇక ఆపమ్మ' అని అతికిస్తారు. పెదవులు కుదిరాయి సరే, కత్తి దిగినట్టు పడాల్సిన ఒక్క మాట మూడు ముక్కలైంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలేది మౌనానికి. ఒకడు కూలిపోయాక పక్కవాడు సెకనున్నర సేపు ఏమీ అనకుండా చూస్తాడు. సెకనుకు 24 చొప్పున అది 36 ఫ్రేములు. నవ్వు పుట్టేది ఆ ఖాళీలోనే. బొమ్మ నిడివి పెంచడానికి వీల్లేదు కనక, తెలుగు వాక్యం పొడుగైతే ఆ ఖాళీని మింగేస్తుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, నటుడు వెనక్కి తిరిగినప్పుడల్లా "అయ్యో, పోయినట్టున్నాడే!" అని లేని డైలాగు కూడా దూర్చేస్తారు. దీన్ని మాత్రం క్షమించలేం.

మద్రాసులో ఉన్న ఇల్లు కాబట్టి తమిళం కొంతైనా చెవిన పడే ఉంటుంది. తమిళ ఆడియో పెట్టి, తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే వేసి చూడండి. నాన్నగారు కూర్చుంటారని మాత్రం హామీ ఇవ్వలేం.

ప్రశ్న: ఒక సినిమాలో శవాన్ని అపార్ట్‌మెంట్ లిఫ్టులో కిందికి దించే సీను మరీ సాగదీశారని నేనంటాను. సినిమా మొత్తానికి అదే గొప్ప సీనని మా బావ అంటాడు. ఎవరు రైటు? (కొరుక్కుపేట)

మీ బావ వైపే మొగ్గుతున్నాం, ఒక షరతు మీద. చంపడంలో నవ్వు లేదు, చంపాక చేయాల్సిన చాకిరీలో ఉంది. ఆ చాకిరీని ఎంత కచ్చితంగా చూపిస్తే అంత నవ్వు. మన లిఫ్టుల్లో మనిషికి 68 కిలోల లెక్కన 'ఆరుగురు, 408 కిలోలు' అన్న రేకు ఉంటుంది. అందులో మనిషిని పడుకోబెట్టే చోటు లేదు, నిలబెట్టాల్సిందే. తలవైపు పట్టుకున్నవాడికి బరువెక్కువ, కాళ్లవైపు వాడికి వెనక్కి నడిచే తిప్పలు. మధ్య అంతస్తులో తలుపు తెరుచుకుంటుంది, పాల ప్యాకెట్ల సంచితో ఒకావిడ ఎక్కుతుంది. అక్కడి నుంచి దర్శకుడు తొందరపడితే పాపం.

షరతు ఏమిటంటే, శవం శవంలా ఉండాలి. ప్రాణం పోయిన 2, 3 గంటల్లో దవడా మెడా బిగియడం మొదలై, 12 గంటలు తిరిగేసరికి ఒళ్లంతా కట్టె అవుతుంది. మద్రాసు ఎండల్లో ఇంకా తొందరగా. అంటే అప్పుడే పోయినవాడు వాలిపోతాడు, తాగి పడ్డాడని చెప్పి తప్పించుకోవచ్చు. రాత్రి పోయినవాడు పొద్దున్నే అలా వాలకూడదు. కుర్చీలో బిగుసుకున్నవాణ్ణి కుర్చీ ఆకారంలోనే మోయాలి, అది మరో రకం నవ్వు. మీరు చూసిన సీనులో తెల్లారాక కూడా చేతులు గుడ్డల్లా వేలాడితే గెలుపు మీదే.

ఇంకో సంగతి. 1983 నాటి హిందీ చిత్రం 'జానే భీ దో యారో'లో శవం చివరికి నాటకం స్టేజీ మీద ద్రౌపది వేషంలో తేలుతుంది. అక్కడ ఎవరూ జోకు వేస్తున్నట్టు నటించరు, అందరికీ అది కొంపమీదికొచ్చిన పనే. మన దగ్గర ఇలాంటి సీన్లు చెడేది ఎక్కువగా వెనక మోగే 'టొయ్ టొయ్' సంగీతం వల్ల. నవ్వమని చెప్పాక నవ్వేదెవరు?

ప్రశ్న: మా ఫ్రెండు ఏ క్రైమ్ కామెడీ చూసినా "లాజిక్ లేదు" అని తేల్చేస్తాడు. ఇలాంటి సినిమాలో లాజిక్ వెతకడం న్యాయమా? (అంబత్తూరు)

న్యాయమే. కాకపోతే వెతకాల్సింది బయటి లోకపు లాజిక్ కాదు, సినిమా తనకు తాను పెట్టుకున్న లాజిక్. 2013లో నలన్ కుమారసామి తీసిన 'సూదు కవ్వుం'లో కిడ్నాపర్లకు కొన్ని సూత్రాలుంటాయి. అధికారంలో ఉన్నవాళ్ల జోలికి పోకూడదన్నది అందులో ఒకటి. అది తప్పి మంత్రి కొడుకును ఎత్తుకెళ్లిన దగ్గర్నుంచే కష్టాలు. సూత్రం ముందే విన్నాం కనక ఆ తర్వాత ఎంత వింత జరిగినా ఒప్పుకుంటాం. కాకతాళీయంగా ఇరుక్కుంటే పర్వాలేదు. కాకతాళీయంగా బయటపడితే మాత్రం మీ ఫ్రెండు అరిచే హక్కు ఆయనకుంది.

ఆ పేరు సంగతీ చెప్పుకోవాలి. అది తమిళ కవి భారతియార్ 'పాంచాలి శపథం'లోది. ధర్మం బతుకును జూదం కబళిస్తుంది, ధర్మం మళ్లీ గెలుస్తుంది అన్న మాటల్లో మొదటి సగం. సినిమా రెండో సగాన్ని వదిలేసింది, అసలు హాస్యం ఆ వదిలేయడంలోనే ఉంది. 2015లో ఇదే కథ రాజశేఖర్‌తో తెలుగులోకొచ్చింది, పేరు 'గడ్డం గ్యాంగ్'. జూదం పోయి గడ్డం మిగిలింది.

ప్రశ్న: పాపకు 14 ఏళ్లు. యూఏ 16+ అని ఉన్న సినిమాకు తీసుకెళ్లొచ్చా? (సైదాపేట)

వెళ్లొచ్చు, చట్టం అడ్డుపడదు. 2024 నిబంధనలతో యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. అవి తల్లిదండ్రులకు హెచ్చరికలు, నిర్ణయం మీది. 'ఎ' అయితే మీరు పక్కన కూర్చున్నా 18 నిండనివాళ్లను లోపలికి రానివ్వకూడదు. ఓటీటీ వాళ్లు 2021 ఐటీ నిబంధనల ప్రకారం వర్గాన్ని తామే వేసుకుంటారు. హింస, భాష అని పక్కన రాస్తారు, అది చదవండి. ఈ రకం సినిమాల్లో రక్తం కన్నా బూతులే ఎక్కువ.

ప్రశ్న: ఇంట్లో చూస్తే గుసగుసలు వినపడవు, తుపాకీ పేలితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. రాత్రి సీన్లు నల్లగా అలుక్కుపోతాయి. (పెరంబూరు)

5.1 మిక్స్‌లో, అంటే ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ చేసిన శబ్దంలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకరు కోసం ఉంటాయి. రెండే స్పీకర్లున్న టీవీలో అవి అణిగిపోతాయి. ఆడియో జాబితాలో '5.1' అని లేని మామూలు ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. సరౌండ్ ఎఫెక్టు తీసేసి, నైట్ మోడ్ ఉంటే పెట్టుకోండి. బొమ్మకు 'వివిడ్' వద్దు, సినిమా మోడ్ పెట్టండి. గది వెలుతురును బట్టి కాంతిని మార్చే సెన్సర్ ఆపేసి, టీవీకి ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు ఆర్పండి. అప్పటికీ నల్లగానే ఉంటే బ్రైట్‌నెస్‌ను ఒక్కో గీత చొప్పున పెంచుతూ, నటుడి నల్ల చొక్కాకూ వెనక చీకటికీ మధ్య అంచు కనిపించగానే ఆపండి.