కుందేలుకు బొరియ గీయకు బిడ్డా

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ, దానికి గీసిన నాలుగు బొమ్మలు చూసిన. కథ నడక బాగుంది. బొమ్మల దగ్గరనే పని ఉన్నది. నీ కుందేలు తెల్లగ, ఎర్ర కండ్లతో, బొరియలో నుంచి తలకాయ బయటపెట్టి చూస్తున్నది. ములుగు, పరకాల దిక్కు చెల్కల్లో ఉరికే కుందేలు అట్ల ఉండదు. ఒళ్లు ఎండుగడ్డి రంగు, మెడ వెనుక నల్లటి మచ్చ, తోక పైభాగం నలుపు. అది బొరియ తవ్వదు. గడ్డి దుబ్బు పక్కన నేలను కొంచెం గుంట చేసుకొని, చెవులు వీపుకు ఆనించి పండుకుంటది. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాక కదలదు. దాని పిల్లలు ఒంటి మీద బొచ్చుతో, కండ్లు తెరుచుకొనే పుడతయి. బొరియ కుందేలు ఇంగ్లండ్ పుస్తకాలది. 'పీటర్ ర్యాబిట్' కథ రాసి బొమ్మలు గీసిన బియాట్రిక్స్ పాటర్ తన కుందేళ్లను బొరియలో పెట్టిందంటే అక్కడి కుందేలు నిజంగనే బొరియ తవ్వుతది కాబట్టి. ఆమె తన కండ్లముందు తిరిగే జంతువును గీసింది. ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది ఆ చూపును, ఆ కుందేలును కాదు.

ఇసొంటి పుస్తకాల అందమంతా ఇక్కడనే ఉన్నది. జంతువు మనిషి లెక్క మాట్లాడుతది, గొంగడి కప్పుకుంటది, పెండ్లికి పోతది. అయినా దాని ఒంటి తీరు, గుణం మారవు. గొంగడి కప్పుకున్నా మేక మేకనే. కాసేపు ఊరుకొని ఆ గొంగడి అంచునే నములుతది. పిల్లలు గొంగడిని చూసి నవ్వరు, మేక దాన్ని నమిలినప్పుడు నవ్వుతరు.

నీ మేకను కూడా మళ్లీ గీయి. తోక కిందికి వేలాడేసినవు, అది గొర్రె తోక. మేక తోక పైకి లేచి ఉంటది. కంటిపాప గుండ్రంగ పెడితే కుక్క చూపు వస్తది. మేకకు, గొర్రెకు కంటిపాప అడ్డంగ ఉంటది. వెనుక కాళ్ల దగ్గర అందరూ చేసే తప్పే జరిగింది. కాలు మధ్యలో వెనక్కి వంగి కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్ట దగ్గర, తొడ చర్మం కింద ఉంటది. ఆ సంగతి పట్టుకుంటే మేక, కుక్క, నక్క, కొంగ, అన్నింటి కాళ్లూ కుదురుతయి. బర్రె లేవడం గీసినప్పుడు వెనుక కాళ్లు ముందు లేపు, ముందటి మోకాళ్లు ఇంకా నేల మీదనే ఉండాలె. ముందు కాళ్లు ముందు లేపితే అది గుర్రం లేచినట్టు ఉంటది. పట్నం పిల్లలకు తెల్వకపోవచ్చు గానీ నీ బడి పిల్లలు ఒక్క చూపులో పట్టేస్తరు.

నెట్‌లో బొమ్మలు వెతికి గీయకు. నక్క అని కొడితే నారింజ రంగు ఒళ్లు, తెల్లటి తోక కొన ఉన్న చలిదేశపు నక్క వస్తది. మన నక్క అయినా, గుంటనక్క అయినా బూడిద, గోధుమ కలిసిన రంగులో ఉంటది, తోక కొన నలుపు. కాకి గీస్తే ఊరకాకికి మెడ బూడిద రంగు, ఒళ్లంతా నలుపైతే బొంతకాకి. బర్రె మీద కూర్చునే కొంగకు ముక్కు పసుపు. నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు పాదాలు ఉన్న చిన్న తెల్లకొంగ వేరే.

చూసి గీసేందుకు పెద్ద ఏర్పాటు ఏం అక్కర్లేదు. అరచేతిలో పట్టే నోటుబుక్కు, 4బి పెన్సిలు చాలు. పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య వడ్డేపల్లి చెరువు కట్ట మీద కూర్చో, లేదా ఊళ్లో మేకలు బయలెల్లే దారి మీద నిలబడు. ఒక్కో బొమ్మకు ఒక్క నిమిషమే ఇయ్యి. మొదట తల నుంచి తోక దాక వెన్ను గీత ఒక్కటి, తర్వాత భుజానికి, తుంటికి రెండు గుండ్రాలు, ఆ తర్వాత కాళ్లు. కన్ను చివర. కన్నుతో మొదలుపెట్టినోళ్లకు ముఖం పెద్దగ వచ్చి ఒళ్లు కాగితంలో పట్టదు. జంతువు కదిలిపోతే ఆ గీతను వదిలేసి పక్కన కొత్తది మొదలుపెట్టు, అదే భంగిమకు మళ్లీ వచ్చినప్పుడు పాతదాన్ని పూర్తి చెయ్యొచ్చు.

కథ ఏ కార్తెలో జరుగుతున్నదో ముందే తేల్చుకో. నీ బొమ్మలో ఒకే పేజీలో మోదుగు పూసింది, గిజిగాడు గూడు అల్లుతున్నది. మోదుగు పూసేది ఫాల్గుణంలో, గిజిగాడు అల్లేది వానలు పడినంక. నన్నడిగితే మృగశిర తీసుకో, అన్నీ రంగులే. మొదటి వానకు పెద్ద కప్పల్లో మగవి పసుపుపచ్చగ మారుతయి, అరిచినప్పుడు గొంతు రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బుతయి. ఎర్ర మఖమల్ తీరు ఆరుద్ర పురుగులు చెల్కలోకి వస్తయి (ఎనిమిది కాళ్లు గీయి, ఆరు కాదు). పశువుల కొంగకు తల, మెడ నారింజ రంగు తేలుతది. పత్తి అప్పుడే విత్తుతుంటరు, కాబట్టి చేనులో తెల్లటి పత్తి కనిపించొద్దు. చెరువు ఇంకా నిండదు, మత్తడి దుంకుడు ఆ కథలో పెట్టకు.

గిజిగాడిదైతే తయారుగ ఉన్న కథ. అల్లేది మగది. సగం గూడు అయినంక ఆడది వచ్చి చూస్తది, నచ్చకపోతే ఎగిరిపోతది, ఆ మగది ఇంకొకటి మొదలుపెడతది. దీనికి నువ్వు కల్పించాల్సింది మాటలు మాత్రమే.

బట్టల సంగతి జర జాగ్రత్త. రుమాలు, కండువా, గొంగడి, ఒక్క జంతువుకు ఒక్కటి సరిపోతది. నిండుగ తొడిగితే ఒళ్లు కనబడదు, నువ్వు నేర్చుకున్న కాళ్లు, వెన్ను అన్నీ బట్ట కింద పోతయి. ఎవరికి ఏం తొడుగుతున్నవో కూడా ఆలోచించు. కొంగకు తెల్ల ధోతి కట్టి, ఎలుకకు చినిగిన అంగీ వేస్తే అది ఊళ్లో ఎవరి వేషమో పిల్లలు గుర్తుపడతరు, తరగతిలో ఒకరిని చూసి ఒకరు నవ్వుతరు. ఇంకొకటి: బట్ట కట్టుకున్న జంతువును ఇంకో జంతువు తినొచ్చా, మనుషులతో మాట్లాడొచ్చా, ముందే నిర్ణయించుకొని చివరిదాక అదే నియమం మీద ఉండు.

ఇగ పుస్తకం కట్టడం. ఆరు ఏ4 కాగితాలు మధ్యకు మడిచి పిన్ను కొట్టు, 24 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, అయితది. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించేటట్టు ఉండాలె. 1 పేరు పేజీ, 2 ముద్రణ వివరాలు, 3 మొదటి బొమ్మ. 4-5 నుంచి 22-23 దాక పది జంట పేజీలు. 24 చివరి బొమ్మ. అంటే నీకు ఉన్నది పన్నెండు బొమ్మలే, కథను పన్నెండు ముక్కలు చేసి చూడు. ఒక ముక్కలో గీయడానికి కొత్తది ఏమీ లేకపోతే అది కథలో కూడా అక్కర్లేదు. ప్రశ్న కుడి పేజీ చివర పెట్టు, జవాబు పేజీ తిప్పినంక రావాలె. జంట పేజీ మడతలో ఏ ముఖమూ పడకుండా అటూ ఇటూ సెంటీమీటరు ఖాళీ వదులు.

చేర్యాల నకాషి పటాలు (కథ చెప్పేటోళ్లు విప్పి చూపే పొడుగాటి గుడ్డ బొమ్మలు) ఒకసారి తీరుబడిగ చూడు. ఎర్రటి నేపథ్యం మీద గడి తర్వాత గడిగ కథ ఎట్ల నడుస్తదో గమనించు. ఆ కండ్లు, ఆ ముక్కులు నకలు కొట్టొద్దు. పటం చుట్టూ చేరినోళ్లకు దూరం నుంచి కూడా అర్థం కావాలె కాబట్టి ఏం వదిలేసిండ్రో, ఏం పెద్దగ చేసిండ్రో చూడు.

మాటలు జంట పేజీకి రెండు మూడు వాక్యాలు, ముప్పై మాటలు మించొద్దు. బొమ్మ చెప్పేది మాట మళ్లీ చెప్పొద్దు. "వాన పడింది, కప్ప బయటికి వచ్చింది" అని రాసి వానలో కప్పను గీస్తే ఒకటి దండగ. "కప్పకు నిద్ర పట్టలేదు" అని రాసి, ఎండి నెర్రెలు వారిన చెరువును, మూలకు ఒక్క మబ్బును గీయి. ప్రతి బొమ్మలో ఒక మూల ఉడుతను దాచినవనుకో, పన్నెండింటిలోనూ ఉండాలె. ఒక్క దగ్గర మరిచినా పిల్లలు పుస్తకం పట్టుకొని నీ వెంట పడతరు. వీపు మీద మూడు తెల్ల చారలు లెక్కపెట్టి గీయి. చివర నీతి వాక్యం తీసెయ్, దానికోసం ఎవరూ ఆ పుస్తకం రెండోసారి తెరువరు.

అక్షరం 20 లేదా 22 పాయింట్లు. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటయి కాబట్టి వరసల మధ్య ఎడం అక్షరానికి ఒకటిన్నర రెట్లు పెట్టు, లేకుంటే పై వరస ఒత్తు కింది గుడిని తాకుతది. వరస చివర మాటను విరగ్గొట్టకు.

రంగులకు 300 జీఎస్ఎం మందపు కాగితం తీసుకో, పలచటిది తడికి అలలు పోతది. పుస్తకం సైజుకంటే ఒకటింపావు రెట్లు పెద్దగ గీయి, తగ్గించి అచ్చేస్తే గీత నీటుగ వస్తది. బర్రెకు నల్ల ట్యూబు వాడకు, ఒళ్లంతా ఒకటే మరక అయితది. ముదురు నీలం, ముదురు గోధుమ కలిపి నలుపు చెయ్యి, వీపు మీద వెలుతురు పడే చోట కాగితం ఖాళీగ వదులు. లేత రంగులు స్కానింగ్‌లో ఎగిరిపోతయి, కొంచెం గట్టిగ వెయ్యి. పాలపిట్ట రెక్క నీలం అచ్చులో తప్పకుండ మందగిస్తది. చుట్టూ ఎండుగడ్డి రంగు పెడితే ఉన్నదానికంటే మెరుగ్గ కనిపిస్తది.

అచ్చుకు ఇచ్చేటప్పుడు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) స్కాను, నాలుగు దిక్కులా కోతకు పోయేందుకు 3 మిల్లీమీటర్లు అదనపు బొమ్మ, అక్షరాలు అంచు నుంచి సెంటీమీటరు లోపలికి. నువ్వు ఫోన్‌లో టైపు చేసింది యూనికోడ్. ప్రెస్సులో పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఉంటే అది అందులో పెట్టంగనే విరుగుతది, ముందే అడుగు. కంప్యూటరు తెరను నమ్మకు, కాగితం మీద ప్రూఫ్ తీయించి ఒత్తులు ఒక్కొక్కటి చదువు. మొదట డిజిటల్ ప్రింటులో యాభై కాపీలు చాలు. పాటర్ కూడా ప్రచురణకర్తలు కాదన్నంక 1901 డిసెంబర్‌లో సొంత ఖర్చుతో 'పీటర్ ర్యాబిట్' 250 కాపీలే వేయించుకున్నది.

అంతకుముందు డమ్మీని మీ రెండో తరగతి పిల్లలు నలుగురైదుగురికి చదివి వినిపించు. నువ్వు వాక్యం పూర్తి చెయ్యకముందే ఎవరైనా పేజీ తిప్పబోతే ఆ పేజీలో మాటలు ఎక్కువైనయన్నట్టు, అక్కడికక్కడ పెన్సిల్‌తో కొట్టెయ్.

మేక, కుందేలు సరిచేసినంక ఫొటోలు తీసి పంపు. పగటి వెలుతురులో తియ్యి, బల్బు కింద తీస్తే అన్నీ పసుపు పారుతయి, నాకు రంగు తెల్వదు.

మీ పెద్దమ్మ