కణంలో తయారైన ఆర్ఎన్ఏ నేరుగా ప్రోటీన్ తయారీకి వెళ్తుందా?

వెళ్లదు, మన కణాల్లాంటి కేంద్రకం ఉన్న కణాల్లో మెసెంజర్ ఆర్ఎన్ఏకి (ప్రోటీన్ తయారీ సూచనలున్న డీఎన్ఏ నకలుకి) ముందు ఒక టోపీ, చివర ఒక తోక తగిలి, మధ్యలోని ఇంట్రాన్లు అనే అక్కర్లేని ముక్కలు తొలగిపోయాకే అది కేంద్రకం దాటుతుంది.

టోపీ అంటే తలకిందులుగా అతుక్కున్న ఒక గ్వానిన్ అణువు. ప్రోటీన్‌ని తయారుచేసే రైబోజోమ్ ఆర్ఎన్ఏని పట్టుకోవడానికి ఇదే ఆనవాలు. తోకలో సుమారు 200 అడినిన్లు వరసగా ఉంటాయి. ఎంజైములు ఆర్ఎన్ఏని త్వరగా కొరికేయకుండా టోపీ, తోక కాపాడతాయి. అసలు కష్టమైన పని మాత్రం కత్తిరింపే. ప్రోటీన్‌కి పనికొచ్చే ఎక్సాన్ల మధ్య ఇంట్రాన్లు అడ్డుగా ఉంటాయి. స్ప్లైసియోసోమ్ అనే యంత్రం వాటిని తీసేసి ఎక్సాన్లను అతికిస్తుంది. ఒక్క అక్షరం (గ్వానిన్, అడినిన్ లాంటి ఒక్కో అణువు ఒక్కో అక్షరం) అటూ ఇటూ అయినా తర్వాత చదివేదంతా తప్పుతుంది.

ఉదాహరణకు హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ జన్యువులో 3 ఎక్సాన్లు, 2 ఇంట్రాన్లు ఉంటాయి. సుమారు 1,600 అక్షరాల్లో చివరికి మిగిలేవి 600 పైచిలుకే. మొదటి ఇంట్రాన్ ఐదో అక్షరం జీ (గ్వానిన్) బదులు సీ (సైటోసిన్) అయితే కత్తిరింపు తప్పుచోట పడి బీటా తలసేమియా అనే వంశపారంపర్య రక్తహీనత వస్తుంది. భారతదేశంలో ఈ జబ్బుకి ఎక్కువగా కనిపించే మార్పు ఇదే. తీసి పారేసే ముక్కే కదా అని ఇంట్రాన్‌ని తేలిగ్గా తీసుకోలేం!

ఆర్ఎన్ఏ మొత్తం తయారయ్యాకే ఇదంతా మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 20–30 అక్షరాలు బయటికి రాగానే టోపీ తగిలేస్తుంది, కత్తిరింపు కూడా చాలావరకు తయారీ సాగుతుండగానే జరుగుతుంది. ఇక కోత పడేది ఆర్ఎన్ఏ నకలుకే, డీఎన్ఏకి కాదు.