డీవీడీలో మాటలు వినపడట్లేదన్న మేనకోడలికి

చిట్టీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నానమ్మా. పాటలు, ఫైట్లు వచ్చేటప్పుడు ఇల్లు అదిరిపోతోంది, మనుషులు మాట్లాడేది మాత్రం పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉంది, మీ అత్తగారు కుర్చీ లాక్కుని టీవీ దగ్గరికెళ్ళి కూర్చుంటున్నారు అన్నావ్ చూడు, అది వినగానే నాకు చాలావరకు అర్థమైపోయింది. అబ్బాయేమో చీప్ ప్లేయర్ ఇంతే, పడేసి వేరేది కొందాం అంటున్నాడట కదా, కాస్త ఆగమను. పాట బాగా వస్తోందంటే ప్లేయర్ బతికే ఉంది, వైరు బాగానే ఉంది, టీవీ స్పీకర్లూ బాగానే ఉన్నాయి. ఇన్నేళ్ళు ఈ రిపేర్ల పనిలోనే ఉన్నా కాబట్టి చెప్తున్నా, సౌండ్ పోయిందని షాపుకి తెచ్చినవాటిలో స్క్రూ కూడా విప్పకుండా బాగైపోయినవి బోలెడు, జనం బాగున్న వస్తువుని పారేసి డబ్బులు పోగొట్టుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఎందుకవుతుందో ముందు చెప్తా, అది తెలిస్తే మిగతాది నువ్వే చేసుకుంటావ్. సినిమా డీవీడీల్లో చాలావాటికి సౌండ్ 5.1 ఉంటుంది. ముందు ఎడమ, ముందు కుడి, మధ్యలో సెంటర్, వెనకవైపు రెండు, ఇవి 5, ఆ పాయింట్ వన్ బేస్ కోసం. డైలాగులు దాదాపు అన్నీ సెంటర్లోనే పెడతారు, థియేటర్లో మాట తెర మధ్యలోంచి రావాలి కదా అందుకని. మ్యూజిక్ ఎక్కువగా ఎడమ కుడిల్లో ఉంటుంది. ఇప్పుడు మీ ప్లేయర్ వెనక్కి తిప్పి చూడు, ఎరుపు తెలుపు సాకెట్లు కాకుండా సెంటర్, సరౌండ్, సబ్ ఊఫర్ అని ఇంకా సాకెట్లు కనపడితే అది 5.1 ప్లేయరన్నమాట, మీరు టీవీకి పెట్టింది ఎరుపు తెలుపు రెండే. ప్లేయరేమో ఇంట్లో స్పీకర్లన్నీ ఉన్నాయనుకుని డైలాగుల్ని సెంటర్ సాకెట్‌కి పంపించేస్తోంది, అక్కడ వైరే లేదు, ఇంక ఆవిడకేం వినపడుతుంది చెప్పు.

దీనికి మందు సెటప్ మెనూలోనే ఉంది. ముందు డిస్కు ఆపెయ్, వీలైతే బయటికి తీసెయ్, ఎందుకంటే సినిమా ఆడుతుండగా సెటప్‌లోకి వెళ్తే కొన్ని ఆప్షన్లు బూడిదరంగులో పడుకుని ఉంటాయి, ఎంత నొక్కినా తెరుచుకోవు, అది చూసి రిమోట్ పోయిందేమో అనుకుంటారు. స్పీకర్ సెటప్ అనో ఆడియో సెటప్ అనో ఉంటుంది, అందులో డౌన్‌మిక్స్ అని ఉంటుంది, దాంట్లో ఎల్‌టీ ఆర్‌టీ, స్టీరియో, ఆఫ్ లేదా 5.1 ఇలా కనపడతాయి. స్టీరియో పెట్టు. ఎల్‌టీ ఆర్‌టీ అనేది సరౌండ్ ఆంప్లిఫయర్ ఉన్నవాళ్ళకి, మీకు అక్కర్లేదు. స్టీరియో పెట్టగానే సెంటర్లో ఉన్న మాటని మామూలుగా ఒక 3 డెసిబెల్స్ తగ్గించి ఎడమకీ కుడికీ రెండిటికీ కలిపేస్తుంది, అప్పుడు మాట ముందుకొస్తుంది.

అదయ్యాక కూడా మాట మెల్లగా, ఫైటు పెద్దగా ఉందా, అయితే అదే మెనూల్లో డైనమిక్ రేంజ్ అనో డీఆర్‌సీ అనో వెతుకు, కొన్నిట్లో నైట్ మోడ్ అని ఉంటుంది. నిచ్చెన మెట్లలాగా బొమ్మ ఉండి పైన ఫుల్, కింద ఆఫ్ అని ఉంటే ఫుల్ వైపు జరుపు. చిన్న సౌండుకీ పెద్ద సౌండుకీ మధ్య తేడాని అది నొక్కేస్తుంది. మ్యూజిక్ ప్రియులకి ఇది నచ్చదు, నాకూ నచ్చదు, కానీ అపార్ట్‌మెంట్లో రాత్రిపూట చూసే పెద్దావిడకి ఇంతకంటే మంచి బటన్ లేదు. మొహమాటం లేకుండా పెట్టెయ్.

ఒక్కో డిస్కుకి అసలు సౌండే రాదన్నావ్ కదా, అది వేరే సంగతి. ఆ డిస్కు అట్ట మీద డీటీఎస్ అని ఉందేమో చూడు, డాల్బీ లాగే అదీ డిస్కులో సౌండ్‌ని రాసే ఒక పద్ధతి. చవక ప్లేయర్లు చాలావాటిల్లో డాల్బీ డీకోడర్, అంటే దాన్ని చదివి సౌండ్‌గా మార్చేది ఉంటుంది గానీ డీటీఎస్‌ది ఉండదు, బొమ్మ చక్కగా ఆడుతుంది, సౌండు మాత్రం నిశ్శబ్దం. డీవీడీల్లో డీటీఎస్ అనేది అదనంగా ఇచ్చేది, కాబట్టి మామూలుగా దాంతోపాటు డాల్బీదో పీసీఎందో (నొక్కి కుదించని మామూలు డిజిటల్ సౌండ్) ఇంకో ట్రాక్ ఉంటుంది. రిమోట్ మీద ఆడియో బటన్ నొక్కుతూ పో, స్క్రీన్ మీద డాల్బీ అనో, దానికే ఇంకో పేరైన ఏసీ3 అనో పడగానే ఆగు. మరి హెచ్‌డీఎంఐ వైరుతోనో ఆప్టికల్ వైరుతోనో పెట్టుకుంటే డిజిటల్ అవుట్ అన్నదాన్ని రా (RAW) లేదా బిట్‌స్ట్రీమ్ నుంచి పీసీఎంకి మార్చి చూడు, టీవీకి అర్థం కాని భాషలో పంపిస్తే అది మూగబోతుంది.

మీ అత్తగారు నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఆ పాత వీసీడీలు ఉన్నాయి కదా, వాటి దారి ఇంకో రకం. అందులో ఉండేవి రెండే ఛానెళ్ళు, కొన్నిట్లో ఒకవైపు గొంతుతో పాట, ఇంకోవైపు ఒట్టి మ్యూజిక్ పెట్టేవాళ్ళు. ఒక స్పీకర్లోనే పాడుతోందంటే ప్లేయర్‌ని తిట్టకు, ఆడియో బటన్ నొక్కితే లెఫ్ట్, రైట్, స్టీరియో అని మారుతుంది, పాడేవైపు ఎంచుకో, రెండు స్పీకర్లలో అదే వస్తుంది.

ఎప్పుడైనా ఏ డిస్కుకీ సౌండ్ రాకపోతే, దారిలో ఎక్కడ ఆగిందో పట్టుకోవాలి. ప్లేయర్ ఆఫ్ చేసి, టీవీ వాల్యూమ్ బాగా తగ్గించి, టీవీని ఏవీలో పెట్టి, ప్లేయర్ వెనక నుంచి తెల్ల పిన్ను పీకు. ఆ పిన్ను మధ్యలో పుల్లలా ఉండేదాన్ని వేలితో తాకు. స్పీకర్లోంచి బుర్ర్‌మని వస్తే టీవీ, వైరు రెండూ మంచివే, తేడా ప్లేయర్ వైపుంది. రాకపోతే వైరు మార్చు, లేదా ఏవీ1కి బదులు ఏవీ2 పెట్టి చూడు. కదిపినప్పుడు కరకరమంటూ వచ్చిపోతోంటే పిన్ను చుట్టూ ఉండే రేకు వదులైందని, కటింగ్ ప్లయర్‌తో చాలా మెత్తగా, ఊరికే తాకినట్టు నొక్కితే మళ్ళీ సాకెట్‌ని గట్టిగా పట్టుకుంటుంది.

కొత్త టీవీల్లో చాలావాటికి మూడు రంగుల సాకెట్లు ఉండట్లేదు, కొన్నిట్లో ఇయర్‌ఫోన్ పెట్టే కన్నం లాంటిది ఒకటే ఉండి దానికి చిన్న వైరు ఇస్తారు. ఆ వైరు పోతే ఏదో ఒకటి తెచ్చి పెట్టకు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ లోపల బొమ్మకి, సౌండుకి, గ్రౌండుకి వరస మారిపోతుంది, బుయ్యిమని మోత వస్తుంది. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్ళినప్పుడు టీవీ మోడల్ నంబర్ ఫోటో తీసుకెళ్ళి షాపు వాడికి చూపించు, బేరమాడే ముందు ఆ వరస మీ టీవీకి సరిపోతుందా అని అడుగు.

హమ్మింగ్ అంటే సన్నగా ఎడతెగకుండా గుంయ్ అనడం, అది వస్తే కేబుల్ టీవీ వైరు ఒక్కసారి పీకి చూడు. ఆగిపోయిందా, గ్రౌండ్ లూప్ అన్నమాట, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసి మోత పుట్టిస్తోందని, టీవీ, ప్లేయర్, సెట్ టాప్ బాక్సు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టు, కొన్నిసార్లు తగ్గుతుంది. ఎవరైనా త్రీపిన్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుంది అని చెప్తే వినొద్దు, దండం పెడతా, ఆ పిన్ను మీ ప్రాణానికి కాపలా. కేబుల్ పీకినా మోత అలాగే ఉంటే లోపల పవర్ సప్లైలో కెపాసిటర్లు, అంటే కరెంటుని నిలవ ఉంచే చిన్న డబ్బాలు ఉబ్బి ఉండొచ్చు, అది చవకలో అయిపోయే రిపేరే, కానీ అబ్బాయిని యూట్యూబ్ చూసి విప్పనివ్వకు. మన 230 వోల్టులు లోపలికెళ్ళి డీసీ అయ్యాక సుమారు 325 అవుతుంది, ప్లగ్ తీసేసినా కాసేపు అక్కడే కూర్చుని ఉంటుంది. విప్పే పని ఉంటే నా దగ్గరికి తీసుకురండి, కే.ఆర్.పురం నుంచి మెట్రో ఎక్కితే ఎంతసేపు.

ఈరోజు నువ్వు చేయాల్సింది మాత్రం డౌన్‌మిక్స్ ఒక్కటే, అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలీదు. అది స్టీరియో పెట్టి, ఆవిడ రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి, మాట వినపడుతోందా అని ఆవిడ్నే అడుగు. మెనూలో పేర్లు నేను చెప్పినట్టు లేకపోతే స్క్రీన్ ఫోటో తీసి పంపు, ఏది నొక్కాలో చెప్తా.

మీ మావయ్య