రిపోర్టు బీరువాలో ఉందా, బాబుకి చెప్పారా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందని రెండేళ్ల కిందట పరీక్షల్లో తేలింది. ట్యూషన్ పెట్టించాం, సాయంత్రాలు నేనే దగ్గర కూర్చుని చదివిస్తున్నాను. ఈమధ్య 'నేను వేస్ట్' అంటున్నాడు. స్కూలుకి బయల్దేరే వేళకి కడుపునొప్పి అంటాడు, సెలవు రోజు ఏమీ ఉండదు. వీడికి ఏ కోర్సు మంచిది?

జవాబు: కోర్సు సంగతి కాసేపు పక్కన పెడదామమ్మా. ఆ కడుపునొప్పి నాటకం కాదు. ఒకసారి డాక్టరుకి చూపించండి. ఒంట్లో ఏమీ లేదన్నా నొప్పి మాత్రం నిజమే, టెన్షన్ ఇలా కూడా బయటపడుతుంది.

క్లాసులో ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవాలన్నారనుకోండి. ఇలాంటి పిల్లలు ముందు తలలు లెక్కపెడతారు. తన వంతుకి ఏడో పేరా వస్తుందని తేలగానే దాన్నే లోలోపల వల్లెవేస్తూ కూర్చుంటారు. మిగతా ఆరుగురు చదివింది ఒక్క ముక్క చెవికెక్కదు. మధ్యలో టీచర్ ఎవరినైనా దాటేశారా, లెక్క తప్పి చెమటలు పడతాయి. ఇదంతా అయ్యి ఇంటికొస్తే మళ్లీ అదే పుస్తకం, ఈసారి పక్కన అమ్మ.

1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 14 ఏళ్ల కుర్రాడి గురించి ఒక వైద్య పత్రికలో రాశాడు. చురుకైనవాడే, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే స్కూల్లో అందరికన్నా తెలివైనవాడు వీడే అయ్యేవాడని అతని మాస్టారు అన్నాడట.

అందుకని పాఠాలు చదివి వినిపించండి, జవాబులు నోటితో చెప్పించండి. చదవడం సాధన 20 నిమిషాలు చాలు, పేజీ మధ్యలో ఉన్నా ఆపేయండి. మామూలు ట్యూషన్ అదే పాఠాన్ని ఇంకోసారి గట్టిగా చెబుతుంది, అంతే. వీడికి కావాల్సింది అక్షరాన్నీ శబ్దాన్నీ వరసగా కలిపి నేర్పే ప్రత్యేక శిక్షణ. చెప్పకుండా లేపి చదివించొద్దనీ, పరీక్షలో అదనపు సమయం ఇవ్వమనీ స్కూలుని అడగండి.

ఇంకో మాట. ఆ రిపోర్టులో ఏముందో బాబుకి ఎవరైనా చెప్పారా? చాలా ఇళ్లలో అది బీరువాలోనే ఉంటుంది. పేరు తెలియని కష్టానికి పిల్లలు తామే ఒక పేరు పెట్టుకుంటారు. మీవాడు 'వేస్ట్' అని పెట్టుకున్నాడు. కూర్చోబెట్టి చెప్పండి, తెలివి తక్కువై కాదని కూడా చెప్పండి.

నిద్ర పట్టకపోయినా, స్నేహితులకి దూరమైనా సైకాలజిస్టుని కలవండి. చచ్చిపోవాలనుందన్నట్టు మాట్లాడితే మాత్రం ఆ రోజే తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకండి. అనుమానమొస్తే సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

ఇక కోర్సు. ఏ పనిలో ఉన్నప్పుడు పిలిచినా పలకడో ఒక నెల రాసిపెట్టండి. విప్పి బిగించడమా, బొమ్మలు గీయడమా, చిన్నపిల్లల్ని ఆడించడమా, ఏదైనా సరే. ఆ కాగితంతో పాటు బాబునీ తీసుకురండి. కోర్సుల గురించి ముందు అతన్నే అడుగుతాను.